అమ్మ కుట్టు మిషన్‌తో శిల్పం: ఫైబర్ బొమ్మ ఎందుకు కుదరలేదు?

సూదిదారం | ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. నల్లకుంటలో ఉంటాను. బ్యాంకు ఉద్యోగం, శని ఆదివారాలు మట్టి పని. ఆరేళ్లుగా నేర్చుకుంటున్నాను.

మా అమ్మ ముప్పై ఏళ్లకు పైగా ముందు గదిలో కూర్చుని జాకెట్లు కుట్టింది. ఫాల్స్, పీకో, చిన్నపిల్లల గౌన్లు, అన్నీ. గ్లకోమా వల్ల చూపు బాగా తగ్గిపోయి రెండేళ్ల కింద మిషన్ ఆపేసింది. ఇప్పుడు వెలుతురు, నీడ మాత్రం తెలుస్తాయి.

మిషన్ ముందు కూర్చున్న అమ్మ బొమ్మ చేశాను. రెండున్నర అడుగుల ఎత్తు. మట్టిలో చేసి, ప్లాస్టర్ అచ్చు తీసి, ఫైబర్‌గ్లాసులో పోసి, కంచు రంగు వేయించాను. నాలుగు నెలలు పట్టింది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు, పోలిక కూడా బాగా వచ్చిందన్నారు. అమ్మ దగ్గర పెట్టాను. తల నుంచి భుజం దాకా, చీర కుచ్చిళ్ల మీద, మిషన్ చక్రం మీద చెయ్యి వేసి నిదానంగా తడిమింది. "మంచిగుంది బిడ్డా. ఎవరిది?" అంది. నీదే అన్నాను. "అవునా" అని చేతులు కొంగుకు తుడుచుకుంది.

ఆ తుడుచుకోవడం నా మనసులోంచి పోవడం లేదు. ఆ రాత్రి లైట్ తీసేసి నేనూ తడిమి చూశాను. చెంప, చీర, ఇనుము అన్నీ ఒకటే నునుపు, ఒకటే చల్లదనం. వేలితో కొడితే ఎక్కడైనా ఒకటే డొల్ల చప్పుడు. కళ్లు మూసుకుంటే అక్కడ అమ్మా లేదు, మిషనూ లేదు.

మళ్లీ మొదలుపెడుతున్నాను. నా దగ్గర ఉన్నవి ఇవి: మిషన్ ఇనుప స్టాండు, దాని పెడల్, చక్రం, పైన చెక్క. మిషన్ తలకాయ మా అక్క తీసుకెళ్లింది. గోనె సంచి నిండా బట్ట ముక్కలు. కొలతల పుస్తకాలు 11. పెద్ద కత్తెర. ఒక రేకు డబ్బాలో హుక్స్, గుండుసూదులు. ఇంకా నాలుగు ఆది జాకెట్లు, ఎవరో కొలతకిచ్చి తిరిగి తీసుకెళ్లనివి.

వీటినే శిల్పంలో వాడాలా, లేక వేరే పదార్థంలో మళ్లీ చేయాలా? ఇంట్లో వస్తువులను తెచ్చి అమర్చితే శిల్పం అవుతుందా, సామాను కుప్ప అవుతుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

గ్రానైట్‌గుట్ట | ఆదివారం, రాత్రి 11:15

అమ్మా, నా మాట కొంచెం కఠినంగా అనిపించవచ్చు. అసలు వస్తువులు వాడకండి.

సాలార్ జంగ్ మ్యూజియంలో మేలిముసుగు రెబెక్కా బొమ్మ ఉంది కదా. శిల్పి బెంజోనీ చెక్కింది, 1876లో మొదటి సాలార్ జంగ్ ఇటలీ నుంచి తెచ్చింది. మనం అందరం చిన్నప్పుడు స్కూల్ వాళ్లతో వెళ్లి దాని ముందు నోరు తెరుచుకుని నిలబడ్డవాళ్లమే. ముఖం మీద పల్చని తడి బట్ట. అంతా పాలరాయి. అదే బెంజోనీ ఆ ముఖం మీద నిజం బట్టే కప్పి ఉంటే ఎవరైనా ఆగి చూసేవాళ్లా? రాయి బట్ట కాదు కాబట్టే ఆ బట్టకు విలువ. ఒక పదార్థం తనది కాని పని చేసినప్పుడు మనిషి చెయ్యి కనిపిస్తుంది.

హుస్సేన్ సాగర్ బుద్ధుడు 1990లో పడవ మీంచి నీళ్లలో పడ్డాడు, ఆ ప్రమాదంలో మనుషులు పోయారు. 1992లో పైకి తీస్తే విగ్రహం చెక్కుచెదరలేదు. తెల్ల గ్రానైట్. మన చుట్టూ ఉన్న గుట్టలు సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. మీ అమ్మగారి ముప్పై ఏళ్ల కష్టం నిలవాలంటే నిలిచే దానిలో చేయండి. బట్టను పురుగు తింటుంది.

పీచుముడి | సోమవారం, ఉదయం 6:30

గుట్ట గారూ, రెబెక్కా ముందు నేనూ నిలబడ్డాను. కానీ ఆమెను ముట్టుకోనివ్వరు కదా. ఆ ముసుగు కంటికి మాత్రమే ముసుగు. ఇక్కడ అక్క చెప్తున్నది చేత్తో చూసే మనిషి గురించి.

నేను జనపనార, కొబ్బరి పీచుతో పని చేస్తాను. శిల్పి మృణాళినీ ముఖర్జీ పని చూశాకే ఇటు వచ్చాను. ఆమె బరోడాలో చిత్రకారుడు కె.జి. సుబ్రమణ్యన్ దగ్గర చదువుకున్నారు, 1970ల నుంచి జనపతాడు ముడులు వేసి మనిషి ఎత్తు కంటే పెద్ద రూపాలు చేశారు. చెక్కడం లేదు, పోత పోయడం లేదు. ముడి మీద ముడి. దగ్గరికి వెళ్తే అది తాడేనని తెలుస్తుంది, నాలుగడుగులు వెనక్కి వస్తే గర్భగుడిలో దేవతలా ఉంటుంది. తాడు తాడుగానే ఉండి కూడా ఇంకొకటి అయింది. కాబట్టి పదార్థం వేషం వేస్తేనే అర్థం వస్తుందనడం సరి కాదు.

ఇంకొకటి, మీకు బాగా దగ్గరది. బెంగళూరు కళాకారిణి షీలా గౌడ 1998లో ఒక పని చేశారు. సూదుల్లో దారాలు ఎక్కించి, ఆ దారాలన్నిటినీ కలిపి పొడవైన తాళ్లుగా చేసి, కుంకుమ, జిగురు పట్టించారు. గదిలో గోడల మీదుగా, నేల మీదుగా ఆ ఎర్ర తాళ్లు సాగుతుంటాయి. చివర సూదుల గుత్తి వేలాడుతుంటుంది. దారం, సూది, కుంకుమ. మన ఇళ్లలో ఆడవాళ్లు రోజూ ముట్టుకునేవే. అంత దారాన్ని సూదిలోంచి లాగడానికి ఎంత సేపు, ఎంత ఓపిక పట్టి ఉంటుందో దాని ముందు నిలబడితే ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది.

మీ సంచిలో బట్ట ముక్కలు పారేయకండి అక్కా.

డ్రాయింగ్‌మాస్టారు | సోమవారం, రాత్రి 8:05

అమ్మాయీ, ముందు ఫైబర్ మీద నింద వద్దు. మన సూర్యాపేటలో పుట్టిన జి. రవీందర్ రెడ్డి గారు అదే ఫైబర్‌గ్లాసులో పెద్ద పెద్ద ఆడవాళ్ల తలలు చేసి, బంగారు పూత వేసి, దేశదేశాల్లో పెట్టారు. కళ్లు విప్పార్చి చూసే ఆ ముఖాలకు ఆ మెరుపు, ఆ ఉబ్బు, అతుకు లేని ఆ చర్మం కావాలి. అక్కడ ఫైబర్ తన సొంత గుణంతో నిలబడింది. మీరు ఫైబర్‌ను కంచుగా కనబడమన్నారు, బట్టగా కనబడమన్నారు, చర్మంగా కనబడమన్నారు. తనలా ఉండమని మాత్రం అడగలేదు. లోపం అక్కడ ఉంది.

నా అనుభవం ఒకటి చెప్తాను. మా నాన్న బండలు పరిచే మేస్త్రీ. చిక్కడపల్లి, నారాయణగూడ వైపు పాత ఇళ్లలో షాబాద్ బండలు చాలా వాటికి ఆయన చెయ్యి పడింది. ఆయన పోయాక సిమెంటులో ఆయన బొమ్మ చేశాను, ఉలి సుత్తి పట్టుకుని కూర్చున్నట్టు. ఇంట్లో అందరికీ నచ్చింది. నాకు మాత్రం అది ఎవరో మేస్త్రీ బొమ్మలా ఉండేది.

తర్వాత మా పాత ఇల్లు అపార్ట్‌మెంటుకు ఇచ్చేశాం. కూల్చేటప్పుడు ఆయన పరిచిన బండలు పెకలించారు. ఒక బండ తిరగేసి చూశాను. పైముఖం నున్నగా, అద్దంలా. కిందివైపు గనిలోంచి తీసినప్పుడు ఎలా ఉందో అలాగే, గరుకుగా, సున్నం అంటుకుని. నలభై ఏళ్లు ఆ రెండూ ఒకే రాయిలో ఉన్నాయి. పైన నునుపు నాన్న చేసింది కాదు. మా అందరి కాళ్లు చేసింది. అమ్మ నీళ్లు పోసి కడిగింది, మేం పరుగెత్తాం, అక్క పెళ్లిలో ఊరంతా తొక్కింది. నాన్న పని కింద ఉంది, కనబడకుండా.

ఏడు బండలు తెచ్చుకుని ఒకదాని మీద ఒకటి పేర్చాను. మనిషి కూర్చున్నంత ఎత్తు. గరుకు ముఖాలన్నీ పైకి. బండల మధ్య ఆయన వాడిన సున్నమే తడిపి పెట్టాను. అంచుల దగ్గర రాతి పొరలు పుస్తకం కాగితాల్లా కనబడతాయి. ముక్కూ మొహం ఏమీ లేదు. మా తమ్ముడు ఊరి నుంచి వచ్చి, అడగకుండానే దాని పక్కన నేల మీద కూర్చున్నాడు, నాన్న పక్కన కూర్చున్నట్టు.

కాబట్టి ఒక్కటే అడుగుతాను. నువ్వు చేయాలనుకుంటున్నది అమ్మ ముఖమా, అమ్మ పనా? పని అయితే ఆ పని ఏ వస్తువులో ఎక్కడ దాగి ఉందో వెతుకు. స్టాండు తిరగేసి చూడు. చెక్క అడుగున చూడు.

ఇనుపచెయ్యి | సోమవారం, రాత్రి 10:20

మాస్టారు గారి బండల మాట చదివి పని ఆపి కూర్చున్నాను.

అక్కా, నాది వెల్డింగ్ షాపు. స్టాండు గురించి ఒక జాగ్రత్త. పాత కుట్టు మిషన్ స్టాండు పోత ఇనుము. మామూలు వెల్డింగ్ పెడితే పగులుతుంది. దాంట్లో కార్బన్ ఎక్కువ, వేడికి సాగదు. నికెల్ రాడ్డుతో చేసేవాళ్లు ఉన్నారు కానీ ముందు వేడి చేయాలి, తర్వాత నిదానంగా చల్లారనివ్వాలి, అయినా గ్యారంటీ లేదు. ఏం తగిలించాలన్నా రంధ్రం వేసి బోల్టు పెట్టండి. బోల్టు కనబడినా తప్పు లేదు, ఆ స్టాండు పుట్టడమే బోల్టులతో పుట్టింది.

ఇంకో మాట. పెడల్ కదిలేలా ఉంచండి. బేరింగ్‌లో మిషన్ ఆయిల్ వేస్తే చాలు. అమ్మ కాలు పెడితే చక్రం తిరగాలి. పోత ఇనుప చక్రానికి బరువు ఉంటుంది, ఒకసారి తిరిగితే కాలు తీసినా కాసేపు ఆగదు. ఫైబర్ చక్రానికి ఆ బరువు ఎక్కడిది?

సూదిదారం | శనివారం, మధ్యాహ్నం 3:40

అందరికీ ధన్యవాదాలు. మాస్టారు చెప్పినట్టు చెక్క అడుగున చూశాను. అమ్మ మోకాలు తగిలే చోట చెక్క పాలిష్ చేసినట్టు ఉంది. పైన ఎడమ చేతి వైపు కత్తెర గాట్లు. కుడి వైపు గుండుసూదులు గుచ్చి గుచ్చి జల్లెడలా ఉంది. ఇన్నేళ్లలో నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత గోనె సంచి అమ్మ ముందు బోర్లించాను. ఒక్కో ముక్క చేతికిచ్చాను. బొటనవేలికి చూపుడువేలికి మధ్య పెట్టి ఒకసారి రుద్దుతుంది, అంతే. "పాప్లిన్. లంగాది." "టూ బై టూ. ఇది టీచరమ్మది, ఆమె వేరేది కట్టదు." "గద్వాల్ చీరది, పట్టు అంచు, జాగ్రత్తగా ఉంచు." "లైనింగ్. జనరల్ బజార్‌ల తెచ్చినం, ఉతికినాక కుంచించింది, నన్ను తిట్టిండ్రు." రెండు గంటలు. వంద ముక్కలు దాటాయి. పొరపాటు ఒక్కటీ పడినట్టు లేదు. మధ్యలో ఒక ముక్క రెండు వైపులకూ లాగి, "ఇది క్రాస్ కట్టింగ్‌ది, చూడు సాగుతది" అని నా చేతికిచ్చి లాగించింది.

ఫైబర్ బొమ్మను తడిమినప్పటి అమ్మ ముఖం, ఈ ముఖం ఒకటి కావు.

బట్టే వాడాలని నిర్ణయించుకున్నాను. కానీ గుట్ట గారి ప్రశ్న అలాగే ఉంది. టీచరమ్మ టూ బై టూ అని అమ్మకు తెలుసు, చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది?

గ్రానైట్‌గుట్ట | శనివారం, సాయంత్రం 6:10

అమ్మా, మీ పోస్టు రెండుసార్లు చదివాను. బట్ట వద్దన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ చివరి ప్రశ్న మాత్రం వదలకండి.

ఒకప్పుడు నేను మా నాన్న కళ్లజోడు, ఆయన డబ్బా, పెన్ను ఒక రాతి పళ్లెంలో పెట్టి ఒక ప్రదర్శనలో ఉంచాను. నాకు చూస్తేనే గొంతు పట్టుకునేది. మూడు రోజులు పక్కనే నిలబడ్డాను. ఒక్కరూ ఆగలేదు. నా దుఃఖం నాలో ఉంది, ఆ కళ్లజోడులో లేదు. అది ఎవరి ఇంట్లోనైనా ఉండే కళ్లజోడు. దాన్ని నేను ఏమీ చేయలేదు, పెట్టానంతే. అందుకే అసలు వస్తువులంటే నాకు భయం.

పక్కన మీరు నిలబడి కథ చెప్పకపోయినా ఆ బట్ట ఏదో ఒకటి చెప్పాలి. కథ తీసేసి చూడండి, ఏం మిగులుతుందో అది మీ శిల్పం.

మసాబ్‌ట్యాంక్‌విద్యార్థి | శనివారం, రాత్రి 9:30

నేను ఫైన్ ఆర్ట్స్ చదువుతున్నాను, చిన్నదాన్ని, తప్పయితే క్షమించండి.

కొలంబియా దేశంలో డోరిస్ సాల్సెడో అనే శిల్పి ఉన్నారు. అక్కడి హింసలో మనుషులను పోగొట్టుకున్న కుటుంబాల గురించి పని చేస్తారు. పాత చెక్క బీరువాలు, కుర్చీలు తీసుకుని లోపల కాంక్రీటు నింపేశారు. కొన్నింటిలో బట్టలు ఆ కాంక్రీటులో కూరుకుపోయి అంచులు కనబడతాయి. ఆ బీరువా ఎవరిదో మనకు తెలియదు, తెలియాల్సిన అవసరం కూడా లేదు. బీరువా అంటే తెరిచేది. అది ఇక తెరుచుకోదు. అంతవరకు చాలు, కడుపులో ఏదో పడ్డట్టు ఉంటుంది.

గుట్ట సార్ పళ్లెంలో కళ్లజోడు తన పని చేయగలిగేలాగే ఉంది కదా, ఎవరైనా తీసి పెట్టుకోవచ్చు. అందుకేనేమో ఎవరూ ఆగలేదు అనిపించింది. అక్కా, మీ మిషన్‌కు తలకాయ లేదు. పెడల్ తొక్కితే చక్రం తిరుగుతుంది, పైన సూది లేదు. ఆ ఖాళీ అలాగే ఉంచండి.

చింతగింజ | ఆదివారం, ఉదయం 7:45

బట్టను నిలబెట్టాలంటే రెజిన్ పోయకండి అక్కా. రెజిన్ పీల్చుకున్న బట్ట ప్లాస్టిక్ అయిపోతుంది, వేళ్లకు పోగు తెలియదు. అమ్మ మళ్లీ చేతులు తుడుచుకుంటుంది.

చేర్యాల పని కొన్నాళ్లు దగ్గరుండి చూశాను. ఖాదీ బట్టకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి నకాషీ బొమ్మల పటం తయారు చేస్తారు. మాస్కులకు రంపపు పొట్టును చింతగింజల అంటుతో కలిపి ముద్ద చేస్తారు. ఎండితే చెక్కలా గట్టిపడుతుంది. మీకు పొట్టు, సుద్ద వద్దు, జిగురు చాలు.

చింతగింజలు వేయించి, నానబెట్టి, పైన గోధుమరంగు తొక్క పూర్తిగా తీసేయాలి. లోపలి తెల్ల పప్పు రుబ్బి, నీళ్లలో సన్నని మంట మీద గంజిలా అయ్యేదాకా కలుపుతూ ఉడికించాలి. గుడ్డలో వడకట్టండి. పల్చగా రాస్తే బట్ట గంజి పెట్టినట్టు ఉంటుంది, పోగు పోగూ చేతికి తెలుస్తుంది. మూడు నాలుగు పొరలు వేస్తే తనంతట తను నిలబడుతుంది. మడత ఎక్కడ పెడితే అక్కడ ఉంటుంది. ముందు చిన్న ముక్క మీద చూసుకోండి, వానాకాలంలో మెత్తబడుతుంది.

పురుగు పట్టకుండా బుక్ బైండింగ్ వాళ్లు జిగురులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కలుపుతారు. చిటికెడు చాలు. విషం, చేతులకు గ్లౌజులు.

ఇనుపచెయ్యి | ఆదివారం, ఉదయం 9:00

అన్నా, మైలుతుత్తం ఇనుము దగ్గర వద్దు. తడి మీద తగిలితే ఇనుమును తినేస్తుంది, పైన ఎర్రగా రాగి పేరుకుంటుంది. బట్ట ఇనుమును ఆనే చోట జిగురులో అది కలపకండి, స్టాండుకు మైనం రుద్ది ఆ తర్వాత బట్ట పెట్టండి. లేకపోతే తుప్పు మరక.

లక్కగాజు | ఆదివారం, మధ్యాహ్నం 1:15

లాడ్ బజార్‌లో మా ఇంటి పని లక్క గాజులు. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చింది, మా నాన్న ఆ రోజు మిఠాయి పంచారు.

అక్కా, గుండుసూదులు, హుక్స్ బట్టలో నిలబడాలంటే వెనక వేడి లక్క చుక్క పెట్టండి. బొగ్గుల కుంపటి సెగకు లక్క మైనంలా సాగుతుంది, రాళ్లు అందులో ఒత్తితే చల్లారాక పట్టుకుంటుంది. ఒత్తిన వేలి గుర్తు కూడా ఉండిపోతుంది. గాజు లోపలి వైపు గమనిస్తే మా అమ్మ వేలి గుర్తులు నాకు తెలుస్తాయి. అందుకే చెప్తున్నా, మీ అమ్మగారి చేతనే ఒత్తించండి, మరీ వేడిగా కాకుండా గోరువెచ్చగా అయ్యాక. ఒకటే జాగ్రత్త, ఎండలో పెట్టకూడదు. మన మే నెల ఎండకు మెత్తబడి జారిపోతుంది.

సూదిదారం | మూడు వారాల తర్వాత, ఆదివారం, రాత్రి 8:30

మొదటి ప్రయత్నం పాడైంది అనుకున్నాను. ఏం జరిగిందో చెప్తాను.

తెల్ల లైనింగ్ బట్ట నాలుగు పొరలు చింతగింజల జిగురుతో అతికి, స్టాండు మీద కప్పి, మనిషి ముందుకు వంగిన వీపులా మడత పెట్టాను. తొక్క తీయడంలో తొందరపడ్డాను, కొంత ఉండిపోయింది. ఒక కాలికి మైనం రుద్దడం కూడా మర్చిపోయాను. మర్నాడు చూస్తే ఇనుము తగిలిన చోటల్లా బట్ట నల్లబడింది. తుప్పు రంగు కాదు, కాటుక నలుపు. స్టాండు మీద పోత పోసిన తీగల డిజైను, దాని అంచు, బోల్టు తల, అన్నీ బట్ట మీద గీసినట్టు దిగాయి. ఉతికాను, పోలేదు. బాగా టెన్షన్ పడ్డాను.

చింతగింజ | ఆదివారం, రాత్రి 9:10

అక్కా, పారేయకండి! అది కలంకారీ నలుపు. శ్రీకాళహస్తిలో బట్టను ముందు కరక్కాయ రసంలో ముంచుతారు. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో నానబెట్టి చేసిన కసీం నీళ్లతో గీస్తారు. కలం తగిలిన చోట బట్ట నల్లబడుతుంది. కరక్కాయలో ఉన్న వగరే చింతగింజ తొక్కలోనూ ఉంది. ఇనుముతో కలిస్తే నలుపు. మీ అమ్మగారి మిషన్ స్టాండే కలం పట్టింది.

గ్రానైట్‌గుట్ట | ఆదివారం, రాత్రి 9:40

ఇదిగో, ఇది కథ చెప్పకపోయినా ఉంటుంది. ఇనుము మీద ఇన్నాళ్లు వంగిన వీపు మీద ఆ ఇనుమే గుర్తు పెట్టింది. నేను వెతికినది ఇదే అమ్మా.

డ్రాయింగ్‌మాస్టారు | సోమవారం, ఉదయం 5:50

చాలా బాగుంది. అయితే తెలిసి చెయ్యి. ఇనుప నలుపు కాలక్రమంలో బట్టను తింటుంది. పాత కలంకారీ వస్త్రాల్లో నల్ల గీత ఉన్న చోటే ముందు చిరుగుతుంది. అంటే నీ శిల్పంలో స్టాండు తగిలిన గీతల వెంటే ఒక రోజు బట్ట విడిపోతుంది. లైనింగ్ బట్ట కాబట్టి నష్టం లేదనుకుంటే సరే. గద్వాల్ అంచు ముక్క మాత్రం ఇనుముకు దూరంగా, మైనం పొర అడ్డుపెట్టి ఉంచు. ఏది నిలవాలి, ఏది పోవాలి అన్నది కూడా నీ చేతిలో పనే.

పీచుముడి | సోమవారం, ఉదయం 7:00

అక్కా, ఆది జాకెట్లు ఏం చేస్తున్నారు? మొదటి పోస్టు నుంచి నా మనసు వాటి మీదే ఉంది.

సూదిదారం | జూలై మొదటి శనివారం, రాత్రి 10:00

ఆలస్యానికి క్షమించండి. వీపు పూర్తయింది. తొక్క కావాలనే ఉంచి, మైనం ఎక్కడ రాయాలో ఎక్కడ వదలాలో చూసుకుని, మళ్లీ చేశాను. లోపలి పొర లైనింగ్, పైపొర అమ్మ గుర్తుపట్టిన ముక్కలు, పాప్లిన్, టూ బై టూ, సిల్క్ కాటన్. పడుగు (నేతలో పొడవు పోగు) నిలువుగా ఉండేలా అమ్మే ఒక్కో ముక్క తిప్పి ఇచ్చింది. గుండుసూదులు లక్కలో అమ్మ ఒత్తింది. పెడల్ తిరుగుతుంది. పైన ఏమీ లేదు.

ఇక ఆది జాకెట్లు. విప్పి పరిచి వీపు మీద కుట్టాలనుకున్నాను. కత్తెర తీసిన చప్పుడు అమ్మకు వినబడింది. "ఏం కోస్తున్నవ్?" చెప్పాను. "మనవి కావు బిడ్డా. వాళ్లు ఆదికిచ్చిన జాకెట్లు. వాటి మీద కత్తెర పెడ్తవా?" గొంతు మారింది. పదిహేనేళ్లు అయింది, ఎవరూ రారు అన్నాను. "వస్తరో రారో. వాళ్ల కొలత నా దగ్గర ఉంది."

కత్తెర లోపల పెట్టేశాను. ఆ రాత్రి గుట్ట గారి మొదటి పోస్టు మళ్లీ చదివాను. వాడకూడని వస్తువు ఉంటుంది. అప్పుడు వేరే పదార్థం కావాలి, నిజంగానే.

మెత్తని మట్టి పలకలు చేసి, జాకెట్లను పరిచి, చపాతీ కర్రతో నిదానంగా ఒత్తి, మెల్లగా తీశాను. ఉతికి, ఆరేసి, మడత పెట్టి, అమ్మ బీరువాలో పెట్టేశాను. మట్టిలో అన్నీ దిగాయి. నేత, కుట్టు, హుక్కు, చంక కింద రెండోసారి విప్పి వదులు చేసిన గీత కూడా. నెమ్మదిగా ఆరబెట్టి, తెలిసిన కుమ్మరి బట్టీలో కాల్పించాను. నాలుగింట్లో ఒకటి పగిలింది. మిగతా మూడూ స్టాండు పక్కన ఆనించాను, ట్రయల్ కోసం వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డ మనుషుల్లా.

గ్రానైట్‌గుట్ట | ఆదివారం, ఉదయం 8:20

అమ్మగారు ఏమన్నారు?

సూదిదారం | ఆదివారం, ఉదయం 11:05

నిన్న సాయంత్రం చూపించాను. ముందు వీపు దగ్గరికి తీసుకెళ్లాను. చెయ్యి వేసింది, వెంటనే ఒక ముక్క దగ్గర ఆగి "టీచరమ్మ" అంది. కుర్చీ తెచ్చి వేస్తే కూర్చుని పెడల్ మీద కాలు పెట్టింది. చక్రం తిరిగింది. చెయ్యి అలవాటుగా పైకి, సూది ఉండే చోటికి వెళ్లి గాలిలో ఆగింది. ఏమీ అనలేదు. కాసేపు తొక్కుతూనే ఉంది.

తర్వాత కాల్చిన మట్టి జాకెట్లు ఇచ్చాను. కుట్టు మీద వేలు పెట్టి, "నా కుట్టే" అంది. భుజం నుంచి నడుము దాకా జానతో కొలిచింది. ఛాతీ మీద మళ్లీ జాన, బెత్త. ఆగింది. ఇంకోసారి కొలిచింది.

"ఇది ఆమె కొలత కాదు. ఛాతీ ముప్పై ఆరు ఆమెది. ఇది ముప్పై మూడు కూడా లేదు."

మట్టి ఆరి కాలేసరికి కుంచించుకుపోయింది, దాదాపు పదో వంతు. నాకు తెలిసిన విషయమే, తలలు చేసినప్పుడు లెక్క వేసుకుంటాను. ఇక్కడ తట్టలేదు. అదే చెప్పాను. "లైనింగ్ బట్ట లెక్క, కుంచించేదైతే ముందే లూజు పెట్టాలె" అంది. అచ్చు తీసింది కాబట్టి లూజు పెట్టడం కుదరదని చెప్పాను. ఒప్పుకోలేదు.

తర్వాత కొలతల పుస్తకం తెమ్మంది. పదకొండోది నిండిపోయింది, కొత్త నోటుబుక్కు తెచ్చాను. అమ్మ జానలతో కొలుస్తూ చెప్తుంటే నేను రాశాను. పొడవు, ఛాతీ, నడుము, చేతి పొడవు, మెడ. మూడు జాకెట్లకు మూడు పేజీలు. పేరు ఏం రాయాలి అని అడిగాను. "వాళ్ల పేర్లే రాయి. పక్కన మట్టిది అని రాయి, గందరగోళం కాకుండ."

ఇంకో విషయం, ఇనుపచెయ్యి తమ్ముడూ. రాత్రి వాన పడ్డాక చక్రం కొంచెం బిగిసింది, తొక్కితే కిర్రుమంటోంది. ఆయిల్ ఎక్కడ వేయాలి? పెడల్ దగ్గరా, చక్రం ఇరుసు దగ్గరా?

ఇనుపచెయ్యి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

రెండు చోట్లా వేయండక్కా, మూడేసి చుక్కలు. పెడల్‌ను చక్రానికి కలిపే కడ్డీ పైన కీలు ఉంటుంది, అక్కడ కూడా. బట్టకు తగలకుండా కింద కాగితం పెట్టండి. ఆ కిర్రు చప్పుడు అమ్మగారికి అలవాటైనదేమో, ముందు ఆమెను అడిగి వేయండి.

సూదిదారం | ఆదివారం, మధ్యాహ్నం 1:00

అడిగాను. "ఎన్ని రోజులైంది నూనె పెట్టక, ఇటు తే" అని తనే వేస్తోంది.